గొంతు నిస్సీది, ముఖం బ్యూలాది

మంగంపేట,
14 సెప్టెంబరు 2024.

నిస్సీకి అత్త కృపమణి వందనాలు, అవీ కోపంతోనే.

నిన్న పక్కింటి శివకుమారి తన ఫోను తెచ్చి నా ముందు పెట్టింది. కోడుమూరులో మన చర్చివాళ్లు కొత్త పాట వీడియో పెట్టారని తెలిసి చూపించమని నేనే అడిగాను. తీరా చూస్తే అది మీ నాన్న పాట. "పగిలిన నేల మీద పాదం మోపు దేవా" అని కింద అక్షరాలు పడుతున్నాయి. మా అన్న ఏసేపు కందిచేలో కలుపు తీస్తూ కట్టుకున్న పాట. చనిపోయేముందు నీకు నేర్పించి పోయాడు, నాకు గుర్తుంది.

ముగ్గురాయి గనుల్లో రాళ్లు ఏరే పనిలో పేలుళ్ల మోతకు నా చెవులు పోయాయి. నాతో ఫోన్లో మాట్లాడటం దండగ కాబట్టే మనిద్దరికీ ఈ ఉత్తరాలు. కానీ చెవులు పోయినవాళ్లకు నోళ్లు బాగా కనపడతాయి. పాస్టరు గారి కూతురు బ్యూలా తెల్ల చీర కట్టుకుని, చేతులు చాచి నిలబడింది. గొంతు నరం కదలదు. మాట పూర్తికాకుండానే పెదాలు మూస్తుంది. పాడే మనిషి ఊపిరి పీల్చుకునే చోట ఈ పిల్ల నవ్వుతోంది! గొంతు ఎట్లా ఉందని అడిగితే శివకుమారి నా అరచేతిలో వేలితో రాసింది: "గరగరగా ఉండాది, అయినా శానా బాగుండాది" అని. ఆ గరగర మా అన్నది. ఆయన తర్వాత మన ఇంట్లో నీకు తప్ప ఎవరికీ లేదు.

కింద పేరు మాత్రం "గానం: బ్యూలా". పైగా పాటకు నాలుగు చరణాలుంటే మూడే వేశారు. నాలుగోది ఎవరు మింగారు?

నిజం చెప్పు. దుడ్లు తీసుకుని గొంతు అమ్ముకున్నావా?

జవాబు వచ్చేదాకా నీతో మాట లేదు.
కృపమణి


కల్లూరు,
24 సెప్టెంబరు 2024.

అత్తా, వందనాలు.

నీ ఉత్తరం నేను పనిచేసే అప్పడాల యూనిట్‌కు వచ్చింది. మధ్యాహ్నం అన్నం గిన్నె ముందు పెట్టుకుని చదివాను. చదివాక గిన్నె మూత పెట్టేశాను. నేను అమ్ముకున్నానా? నన్ను ఎత్తుకున్నదానివి, ఆ మాట నీ చేతికి ఎట్లా వచ్చింది?

జరిగింది విను. పాస్టరు గారి కొడుకు యేసుప్రసాద్ చర్చి వీడియోలన్నీ తనే తీస్తాడు కదా. "ఊరికే గొంతు టెస్టు చేసుకుందాం, రా మ్మే" అని పిలిచి నాతో పాడించాడు. నాలుగో చరణం పాడబోతే, వీడియో పొడుగవుతుందని ఆపేశాడు. తర్వాత నెల రోజులు మాటామంతీ లేదు. వీడియో వచ్చాక నేనూ నీలాగే ఫోన్లోనే చూశాను. అడగడానికి కోడుమూరు పోయాను. చర్చి యువతీయువకులందరి ముందూ ఏమన్నాడో తెలుసా?

"పాట దేవునికి పోతాది మ్మే, ముఖం జనాలకి పోతాది. నీ బుగ్గలు క్లోజప్పులో గతుకుల రోడ్డు మాదిరి ఉండాయి. నేనేం చేసేది?"

అందరూ నవ్వారు. అమ్మ అక్కడే ఉంది. "ఊరుకోమ్మే, పాస్టరు గారి పిల్లోడు" అని నా కొంగు లాగింది. పదో తరగతి నుంచి మొటిమలు పీడించి, పోతూపోతూ బుగ్గల నిండా గుంతలు వదిలిపెట్టాయి. అది నా తప్పా అత్తా? నేను వాటిని గిల్లుకున్నది నిజమే. ఏ ఆడపిల్ల గిల్లుకోలేదు?

నేను ఊరుకోను. ఫిబ్రవరిలో మన చర్చి ఉజ్జీవ సభలు ఉన్నాయి, చుట్టుపక్కల ఊళ్ల జనమంతా ప్రార్థనకు వస్తారు. ఆ వేదిక మీద, ముందు వరుసలో, నున్నటి ముఖంతో నిలబడి నాన్న పాట పాడతాను. వాడు కెమెరా పట్టుకుని చూస్తూ ఉండాలి.

కర్నూలులో ఒక చర్మ డాక్టరమ్మ దగ్గరికి పోయి వచ్చాను. పక్కనుంచి లైటు వేసి నా బుగ్గలు చాలాసేపు చూసింది. గుంతల్లో రకాలు ఉంటాయట. సూదితో పొడిచినట్టు సన్నగా, లోతుగా ఉన్నవాటిలో ఘాటైన యాసిడ్‌ను చుక్కచుక్కగా పెడతారు. అంచులు లేకుండా వెడల్పుగా కుంగినవి లోపలి నుంచి నారలు లాగి పట్టుకోవడం వల్ల అట్లా అవుతాయి. చర్మం కిందికి సూది దూర్చి ఆ నారలను తెంపాలి. అంచులు నిలువుగా ఉన్నవి కొన్ని కోసి కుట్టాలి. ఆ తర్వాత సన్న సూదుల యంత్రం. లేజరు కూడా ఉంది, కానీ మన రంగుకు అజాగ్రత్తగా చేస్తే నల్ల మచ్చలు మిగులుతాయని చెప్పింది. పార్లర్లలో చేయించుకోవద్దని గట్టిగా హెచ్చరించింది.

"ముందు కొత్త మొటిమలు రాకుండా మందులు వాడుదువు. తర్వాత సిట్టింగులు. ఏడాది పైనే పడుతుంది. సగం తగ్గితే సంతోషించు. పూర్తిగా పోతాయని నేను చెప్పను" అంది.

ఫిబ్రవరికి కావాలి అన్నాను. పెళ్లా అని అడిగింది. పగ అని చెప్పలేక తల ఊపాను.

నీ మాటకు ఇంకా నొప్పిగానే ఉంది.
నిస్సీ


మంగంపేట,
6 అక్టోబరు 2024.

నా బంగారు నిస్సీకి,

తప్పైంది. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. వాణ్ణి చెప్పుతో కొట్టాలి. కానీ పాస్టరు గారి కొడుకును చెప్పుతో కొడితే నీ పాట పోయి చెప్పు కథ మిగులుతుంది. కాబట్టి తెలివిగా కొడదాం.

ఆ ఇంటి సంగతి నీకు పూర్తిగా తెలియదు. నేను కూడా ఒకప్పుడు కోడుమూరు కోయిర్‌లో పాడిన మనిషినే. చెవులు మందగించడం మొదలయ్యాక, గని సెలవులకు కోడుమూరు వచ్చిన ఒక ఆదివారం వాడి తల్లి రాహేలమ్మ అందరి ఎదుట నా చేతిలోంచి పాటల పుస్తకం తీసేసుకుంది. "కృపమ్మా, తాళం తప్పుతాండావు, పోయి వెనక కూసో" అంది. అప్పుడు నాకు ఆ మాట వినపడలేదు. ఆమె నోరు చూసి తెలుసుకున్నాను. నోళ్లు చదవడం నేను మొదట నేర్చుకున్నది ఆ మాటతోనే.

ఇప్పుడు నా ఉపాయం. చూస్తూ ఉండు, సభల్లో వాడు నిన్ను తెర వెనక నిలబెట్టి పాడిస్తాడు, బ్యూలాను ముందు నిలబెడతాడు. నువ్వు నవ్వుతూ ఒప్పుకో. రెండో చరణం మధ్యలో ఆపెయ్. వేలమంది ముందు ఆ పిల్ల నోరు తెరుచుకుని ఉండిపోవాలి. అంతే.

ఈ ఉత్తరంతో ఒక పొట్లం పంపుతున్నాను. మన ముగ్గురాయి పొడి. మెత్తగా రుబ్బించి పాత నూలు చీరలో జల్లించాను. ఈ రాయి రంగుల్లోకీ, ఏవేవో పూతల్లోకీ పోతుందని గనిలో చెప్పుకునేవాళ్లు. ముఖం క్రీములో కలిపి గుంతల్లోకి అదిమి పూసి, ఆరాక తుడువు. గుంత పూడితే చాలు కదా, డాక్టరుకు ఏడాది ఎందుకు? మా ఇంటి గోడకు పడిన గుంతలన్నీ నేను దీనితోనే పూడ్చాను, ఇంతవరకు ఊడలేదు.

సభలదాకా నోరు కుట్టేసుకో.
నీ అత్త


కల్లూరు,
15 నవంబరు 2024.

అత్తా,

పొట్లం అందింది. గోడకు పూసింది నా ముఖానికి పూయమని రాశావు. వాడు రోడ్డు అన్నాడు, నువ్వు గోడ అన్నావు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ ప్రేమగా అన్నారో ఆలోచిస్తున్నాను. డాక్టరమ్మకు చూపిస్తే "ఇది గానీ పుండు మీద పడితే నా దగ్గరికి మళ్లీ రావద్దు" అని చెత్తబుట్టలో వేసింది.

మొన్న మొదటి సిట్టింగు అయింది. తిమ్మిరి మందు ఇచ్చి, సూది బుగ్గ లోపలికి దూర్చి అటూ ఇటూ కోసింది. నారలు తెగుతుంటే చర్‌చర్‌మని నాకే వినపడింది. తర్వాత సన్న గుంతల్లో యాసిడ్ చుక్కలు. పెట్టిన చోటల్లా తెల్లగా అయింది. ఇప్పుడు బుగ్గలు వాచి నీలంగా ఉన్నాయి. తెల్ల చుక్కలన్నీ నల్ల పెళ్లలు కట్టాయి. ఈ ముఖం చూస్తే నువ్వు కూడా గుర్తుపట్టవు. షేర్ ఆటోలో ఎదురుగా కూర్చున్న ఆమె తన బిడ్డను అటు తిప్పుకుంది.

నీ ఉపాయం మాత్రం పనికొచ్చింది. యేసుప్రసాద్ ఫోన్ చేశాడు. నువ్వు రాసినట్టే తెర వెనక పాడమన్నాడు. "నీకేం నష్టం మ్మే, గొంతు వినపడతాది గదా" అన్నాడు. "సరే ప్రసాదన్నా" అని తేనె కలిపి చెప్పాను. నా నోట అంత తీపి ఎప్పుడూ రాలేదు.

నొప్పిగా ఉంది, ఇంక రాయలేను.
నిస్సీ


మంగంపేట,
26 నవంబరు 2024.

నిస్సీ, నా తల్లీ,

నీ ఉత్తరం చదివి అన్నం ముట్టలేదు. ఎవరు ఆ డాక్టరమ్మ? గుంతలు పోగొట్టమంటే ముఖాన్నే కోసిందా? యాసిడ్ పోసిందా? నీలం, నలుపు, పెళ్లలు! ఇంకోసారి ఆ గుమ్మం తొక్కితే నా మీద ఒట్టు. నేను పొడి పంపింది ప్రేమతో. నా చేతుల పగుళ్లలో ఆ పొడి ఇన్నేళ్లూ ఉంది, నాకు అది చెడ్డది అనిపించలేదు. నువ్వు గోడవని నేను అనలేదు, నాకు తెలిసిన వైద్యం గోడది, అంతే. నువ్వు అట్లా రాసినందుకు శివకుమారి ముందే ఏడ్చాను.

ఈ పాపమంతా ఎవరిది? ఆ ఇంటివాళ్లది. కోపం ఆపుకోలేక రాహేలమ్మకు ఉత్తరం రాసి పడేశాను. "మీ కొడుకు మాటకు నా మేనకోడలు ముఖం కోయించుకుంది. దేవుడు చూస్తున్నాడు. ఫిబ్రవరి సభల్లో రెండో చరణం దాకా ఆగండి, మీ అందరి నోళ్లు తెరుచుకుని ఉండిపోయే దినం అది" అని రాశాను. ఆమె నిద్రపోకూడదు. ఎన్నో ఏళ్ల తర్వాత నాకు మాత్రం హాయిగా నిద్రపట్టింది.

ముఖానికి ఏమీ పూయకు. ప్రార్థన చేస్తున్నాను.
అత్త


కల్లూరు,
9 డిసెంబరు 2024.

అత్తా,

నోరు కుట్టేసుకోమని నాకు రాసి, నువ్వు రాహేలమ్మకు చరణం నంబరుతో సహా రాసి పంపావా!

వాళ్లకు మొత్తం అర్థమైపోయింది. యేసుప్రసాద్ మళ్లీ ఫోన్ చేశాడు. ఈసారి మ్మే లేదు, నవ్వు లేదు. "నువ్వు రావాల్సిన పని లేదు. రికార్డు చేసిన పాట ఉండాది, అదే వేస్తాం. నువ్వు ఆపినా అది ఆగదు" అన్నాడు. నా గొంతు నా దగ్గర లేకుండానే పాడుతుంది అత్తా. ఆపే దారి కూడా లేకుండా చేశావు.

ఇంకొకటి. నా ముఖాన్ని ఎవరూ పాడు చేయలేదు. వాపు వారంలో దిగింది, పెళ్లలు వాటంతటవే రాలాయి. అది అట్లాగే జరుగుతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఆ రోజు కోపంలో ఉండి నీకు రాయలేదు, అది నా పొరపాటు. ఇప్పుడు వేలితో తడిమితే కుడిబుగ్గ మీద వెడల్పు గుంతలు కొంచెం పైకి లేచినట్టు తెలుస్తోంది. అద్దంలో పెద్దగా తేడా లేదు. రెండో సిట్టింగు ఫిబ్రవరి మొదటి వారంలో పడుతుంది. అప్పుడు చేయించుకుంటే సభల రోజుకు మళ్లీ నల్ల చుక్కలతోనే ఉంటాను. వాయిదా వేసుకోమంటావా అని నిన్ను అడుగుదామనుకున్నాను. ఇప్పుడు అడగను. సభలకే పోనప్పుడు ముఖం ఎట్లా ఉంటే ఏం?

నీకు రాహేలమ్మ మీద ఉన్న కక్ష నీది. దానికి నా పాట వాడుకున్నావు. వాళ్లు నా గొంతు వాడుకున్నారు, నువ్వు నా కోపం వాడుకున్నావు.

కొన్నాళ్లు నాకు రాయకు.
నిస్సీ


మంగంపేట,
12 ఫిబ్రవరి 2025.

నిస్సీకి,

రాయవద్దన్నావు, క్రిస్మస్‌కు కూడా రాయలేదు. ఇప్పుడు రాయకపోతే ఛాతీ పగులుతుంది.

నువ్వు రానన్నావు కాబట్టి సభలకు నేను పోయాను. రాహేలమ్మ ఎదురుగా కూర్చుని ఆమెనే చూస్తూ ఉండాలని పోయాను. అంతకన్నా నా చేతిలో ఏముంది? ఆడవాళ్ల వైపు టార్పాలిన్ మీద ముందు కూర్చున్నాను. ఆదివారం సాయంత్రం బ్యూలా వేదిక ఎక్కింది. పెద్ద స్పీకర్ల అదురు నేలలోంచి నా తొడలకు తెలుస్తోంది. దాన్ని బట్టి పాట నడుస్తోందని నాకు లెక్క. ఆ పిల్ల చేతులు చాచింది, నవ్వింది. మూడో చరణం అయింది. అదురు ఆగింది. ఆమె పెదాలు మూసి చేతులు జోడించింది.

ఇక అందరూ ఆమేన్ అనాలి, చప్పట్లు కొట్టాలి. ఎవరూ కొట్టలేదు. పక్కనున్న ఆడవాళ్ల తలలు ఒక్కొక్కటే వెనక్కి తిరిగాయి. మగవాళ్ల వైపు తలలు కూడా తిరిగాయి. వేదిక మీద పాస్టరు గారు కుర్చీలోంచి సగం లేచి అట్లాగే ఉండిపోయారు. ఏమైందో తెలియక నేనూ తిరిగాను.

పందిరి గుంజ పక్కన నిలబడి ఉన్నావు. ముఖం నిండా నల్ల చుక్కలు, బుగ్గలు వాచి ఉన్నాయి, ముసుగు లేదు. పాడుతున్నావు. మైకు లేదు. నీ నోరు చూసి ఒక్క మాట వదలకుండా చదువుకున్నాను.

"నున్నని బండపై వాన నిలవదయ్యా
గుంతల నేలకే అది దక్కునయ్యా"

వాళ్లు మింగిన నాలుగో చరణం. మీ నాన్న నీకొక్కదానికే నేర్పింది, వాడు నిన్ను ఆపేయడంతో వాళ్ల రికార్డులోకి ఎక్కనిది. అదే గొంతు అని జనానికి ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. నా పక్కనున్న ముసలామె నోరు చదివాను: "ఓయమ్మో, పాడింది ఈ పిల్ల గదా!" అంది. యేసుప్రసాద్ కెమెరా వెనక తల వంచుకున్నాడు. రాహేలమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కుంది. బ్యూలా మైకు ముందు నుంచి పక్కకు జరిగి తన కాళ్లు చూసుకుంటూ నిలబడింది.

సభ అయ్యాక నిన్ను వెతికాను. అప్పటికే కర్నూలు ఆటో ఎక్కి పోయావట. నామీద కోపం పోలేదని అర్థమైంది. నువ్వు రాసింది నిజమే, నీ కోపం నేను వాడుకున్నాను. రాహేలమ్మ దగ్గర్నుంచి నా పుస్తకం నాకు తిరిగి వచ్చినంత తృప్తిగా ఉంది. ఇక చాలు నిస్సీ. వాళ్లు వచ్చి క్షమించమంటే క్షమించు. డాక్టరమ్మ మాట విని వైద్యం పూర్తి చేయించుకో. ఆమెను తిట్టినందుకు ఆమెకు నా వందనాలు చెప్పు.

నీ ముఖం బాగుంది. నిజంగా.
అత్త కృపమణి


కల్లూరు,
23 ఫిబ్రవరి 2025.

ప్రియమైన అత్తకు,

కోపం పోయింది. నిన్ను అక్కడ ముందు వరుసలో చూడగానే పోయింది. నీ దగ్గరికి వస్తే ఏడ్చేస్తానని, వాళ్ల ముందు ఏడవకూడదని ఆటో ఎక్కాను. రెండో సిట్టింగు వాయిదా వేయలేదు. సభలకు నాలుగు రోజుల ముందు చేయించుకున్నాను. ఎందుకంటే ఆ ముఖంతోనే పోవాలని డిసెంబరులో నీకు ఉత్తరం పోస్టు చేసిన రోజే నిర్ణయించుకున్నాను. నీకు చెప్పలేదు. చెబితే నువ్వు రాహేలమ్మకు రాస్తావు.

బ్యూలా అప్పటి నుంచి చర్చికి రావడం లేదని అమ్మ చెప్పింది. బాధ కలగలేదంటే అబద్ధం. కలిగిందని రాస్తే అదీ పూర్తిగా నిజం కాదు. ఆమె నవ్వింది కదా అత్తా, నేను ఊపిరి పీల్చుకున్న చోట.

ఎవరో ఫోన్లో తీసిన ముక్క ఊళ్లన్నీ తిరిగిందట. నిన్న పాస్టరు గారు యేసుప్రసాద్‌ను వెంటపెట్టుకుని నా గదికి వచ్చారు. పాట మళ్లీ తీద్దాం, నాలుగు చరణాలూ ఉండాలి, నీ పేరే వేద్దాం అన్నారు. వాడు తలెత్తకుండా, "తొందర లేదు నిస్సీ. నీ ట్రీట్‌మెంట్ అంతా అయిపోనీ. ఏడాదైనా ఆగుతాం" అన్నాడు. పాస్టరు గారు అది మంచి మాట అన్నారు. గదిలో నాతో ఉండే పిల్లలు కూడా ఒప్పుకోమని సైగ చేశారు.

నువ్వు క్షమించమన్నావు. ప్రయత్నించాను, రాలేదు. నీ పగ ఆ సాయంత్రంతో తీరింది. నాది తీరలేదు.

వాళ్లతో ఏం చెప్పానంటే, ఏడాది ఆగను. నాన్న పాటలు చాలా ఉన్నాయి. నాకు ఇంకా సిట్టింగులు ఉన్నాయి. ప్రతి సిట్టింగు అయిన మర్నాడే ఒక పాట తీయాలి, వాపుతో, చుక్కలతో, పెళ్లలతో. మేకప్ లేదు, ఫిల్టర్ లేదు. కెమెరా వేరే ఎవరూ పట్టుకోకూడదు, ప్రసాదన్నే పట్టుకోవాలి. పాస్టరు గారు కొడుకు వైపు చూశారు. వాడు సరే అన్నాడు. అనక ఏం చేస్తాడు?

మొదటిది ఈ ఉదయమే తీశాం. సిట్టింగు అయి ఇన్ని రోజులైనా చుక్కలు కొన్ని మిగిలే ఉన్నాయి. వాడు గది గుమ్మం దగ్గర నిలబడి కెమెరా సరిచేసుకుంటూ, "ఈడ నుంచి తీస్తాలే, ఫుల్లుగా వస్తాది" అన్నాడు.

"ఆడ వద్దు ప్రసాదన్నా, దగ్గరికి రా" అన్నాను. రెండడుగులు వేశాడు. నేను పాట మొదలుపెట్టలేదు. నా బుగ్గ వాడి కెమెరా అద్దం నిండా వచ్చేదాకా అట్లాగే చూస్తూ కూర్చున్నాను.

"ఇంకా దగ్గరికి" అన్నాను.

నీ నిస్సీ